గప్పీ పిల్లల కోసం కొన్న నెట్ బాక్స్: ఆరు నెలలు వాడాక

మా అనంతపురంలో గప్పీలు, అంటే ట్యాంకుల్లో పెంచే చిన్న రంగు చేపలు, పెంచేవాళ్లకు నీళ్ల గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. మా బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది, గప్పీలకూ మోలీ చేపలకూ అలాంటి నీళ్లే నచ్చుతాయి. కష్టమంతా పిల్లలను బతికించుకోవడంలోనే. ఇవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి, కన్న కాసేపటికే తల్లితో సహా ట్యాంకులో ఉన్న ప్రతి పెద్ద చేపా వాటిని మింగడానికి చూస్తుంది. అందుకే 280 రూపాయలు పెట్టి ట్యాంకు లోపల తగిలించే నెట్ బాక్స్ కొన్నాను. ప్లాస్టిక్ పుల్లల ఫ్రేము, దానికి తొడిగే సన్నటి తెల్ల వల, గాజుకు అంటించడానికి రబ్బరు కప్పులు, అంతే.

దీనికంటే ముందు గట్టి ప్లాస్టిక్ డబ్బా వాడాను, మధ్యలో సందులున్న పలక ఉంటుందే, అది. "అన్నా, కడుపుతో ఉన్నదాన్ని దీంట్లో వేసేయ్, పిల్లలు కిందికి జారిపోతాయి, తల్లికి అందవు" అన్నాడు షాపతను. పొట్ట పెద్దదైందని ఎనిమిది రోజుల ముందే వేసేశాను. పాపం అది రోజంతా గోడలకు కొట్టుకుంది, తిండి మానేసింది, ఐదో రోజు పొట్ట కింద పచ్చసొన ఇంకా అంటుకునే ఉన్న నెలలు నిండని పిల్లలను కని మర్నాటికి చనిపోయింది. ఆ డబ్బాలో నీళ్లు కదలవు, వేసిన తిండి అడుగున కుళ్లుతుంది. ఆ చేపను నేను చేతులారా చంపుకున్నట్టే అనిపించి రెండు నెలలు మళ్లీ ఆ పని జోలికి పోలేదు.

నెట్ బాక్స్‌లో నాకు నచ్చింది అదే, వలలోంచి ట్యాంకు నీళ్లు వస్తూ పోతూ ఉంటాయి. గాలి బుడగలతో నీళ్లు శుభ్రం చేసే స్పాంజ్ ఫిల్టర్ పక్కనే తగిలిస్తే పిల్లలకు గాలి అందుతుంది, వేడి కూడా పెద్ద ట్యాంకుతో సమానంగా ఉంటుంది. కానీ దీంట్లోనూ తల్లిని వేయకండి అంటాను. గప్పీ ఈనడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, నీళ్లు వెచ్చగా ఉంటే ఇంకాస్త ముందే. తోక దగ్గరి నల్ల మచ్చ ముదిరి, పొట్ట పెట్టెలా నలుచదరంగా కనిపించి, చేప ఒక మూల చేరి కదలకుండా ఉంటే ఇక దగ్గరికొచ్చినట్టే. అప్పుడు కూడా తల్లిని ట్యాంకులోనే ఉంచి, పైన గుబురుగా జావా మాస్, హైడ్రిల్లా లాంటి నీటి మొక్కలు తేలేస్తున్నాను. పిల్లలు పుట్టగానే ఆ గుబురులోకి దూరుతాయి, తెల్లారి చిన్న గ్లాసుతో తీసి వలలో వేస్తాను. పోయినసారి 34 పట్టాను, 29 బతికాయి.

చచ్చిన ఐదింటిలో రెండు మాత్రం ఈ బాక్స్ తప్పు వల్లే. వల అడుగు మూలల్లో సరిగ్గా సాగదు, మడతలు పడుతుంది, ఆ మడతల్లో పిల్లలు ఇరుక్కుపోయాయి. ఇప్పుడు నాలుగు మూలల్లో నాలుగు నున్నటి గులకరాళ్లు వేశాక ఆ టెన్షన్ లేదు. రబ్బరు కప్పులైతే రెండు నెలలకే గట్టిపడి ఊడిపోయాయి, ఒక రాత్రి బాక్స్ ఒరిగి సగం పిల్లలు పెద్ద చేపల మధ్యలో పడ్డాయి, అప్పటినుంచి నైలాన్ దారంతో పైన కర్రకు కట్టేస్తున్నాను. వల కళ్లు వారానికే నాచు పట్టి మూసుకుపోతాయి కాబట్టి ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి, సబ్బు అస్సలు తగలకూడదు.

తిండి గురించి కూడా చెప్పాలి. ఉడికించిన గుడ్డు పచ్చసొన పిల్లలు ఇష్టంగా తింటాయి కానీ ఆవగింజంత ఎక్కువైనా నీళ్లు చెడిపోతాయి. ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యల్లాంటి జీవుల గుడ్లు ఉప్పు నీళ్లలో వేసి గాలి పెడితే మా ఎండలకు ఒక్క రోజులో పిల్లలవుతాయి, వాటికి మించిన తిండి లేదు. అవి కొన్ని వలలోంచి బయటికి జారిపోతాయి, పెద్ద చేపలు వాటికోసం బాక్స్ చుట్టూ తిరుగుతూ వలను పొడుస్తాయి, పిల్లలు బెదురుతాయి, అందుకే పెద్దవాటికి ముందు తిండి వేశాకే వీటికి వేస్తున్నాను. మిగతా సమయాల్లో పొడి చేసిన మామూలు మేతే, రోజుకు నాలుగైదుసార్లు చిటికెడు.

రెండు మూడు వారాలు దాటితే ఈ బాక్స్ సరిపోదు, ఇరుకులో పిల్లలు గిడసబారిపోతాయి. నాలుగో వారం నుంచి మగవాటి కింది రెక్క పుల్లలా సన్నబడుతుంది, అది కనిపించగానే వేరు చేయకపోతే అక్కచెల్లెళ్లు కూడా కడుపుతో తేలతాయి, పైగా ఆడ గప్పీ ఒక్కసారి కలిసిన మగదాని వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు. ఎక్కువైన చేపలను తీసుకెళ్లి చెరువులోనో వాగులోనో వదలకండి, అక్కడి చిన్న చేపల తిండి ఇవి లాగేసుకుంటాయి. నేను వీధిలో పిల్లలకు ఇస్తున్నాను, ఇచ్చేముందు ఇంట్లో గాలి పంపు ఉందా అని అడిగి మరీ.

ఈసారి ఇదే బాక్స్ మళ్లీ కొంటాను, కాకపోతే పెద్ద సైజుది. కొనేటప్పుడు ఫ్రేము బిగించి చూపించమని అడగండి, మా షాపులో రెండు బాక్సుల్లో పుల్లలు తక్కువగా ఉన్నాయి.