జాబ్ మారాక సీపీఏ లైసెన్స్ ఎక్స్‌పీరియన్స్ గోల: డబ్బులిచ్చి పెట్టుకున్న సర్వీస్ మీద నా రివ్యూ

5కి 3 స్టార్లు. వాళ్లు మాట్లాడిన ఒక్క కాల్‌కైతే 5 ఇచ్చేదాన్ని, పంపిన చెక్‌లిస్టుకి 1 కూడా దండగే, అందుకే మధ్యలో ఆగా.

నాది న్యూయార్క్. సీపీఏ (అమెరికాలో లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) ఎగ్జామ్ నాలుగు పేపర్లూ పాసయ్యా, కావల్సిన 150 కాలేజీ క్రెడిట్లూ ఉన్నాయి, మిగిలింది ఏడాది ఎక్స్‌పీరియన్స్ ఒక్కటే. ఆడిట్ ఫర్మ్‌లో 31 వారాలు చేశాక బిజీ సీజన్ దెబ్బకి ఒళ్లు హూనమైపోయి ఒక కంపెనీ అకౌంటింగ్ టీమ్‌లోకి మారిపోయా. అప్పుడు పట్టుకుంది భయం, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందా, అసలు ఆడిట్ కాని పని ఒప్పుకుంటారా అని. ఒకళ్లు అవునంటారు ఇంకొకళ్లు కాదంటారు, చెప్పేవాళ్లెవరికీ సరిగ్గా తెలీదు. విసుగొచ్చి లైసెన్స్ ఫైల్ చూసిపెట్టే ఒక ఆన్‌లైన్ సర్వీస్‌కి డబ్బు కట్టా. పేరు రాయను లెండి.

ఫస్ట్ కాల్‌లో కూర్చున్నావిడ మాత్రం బంగారం. నా జాబులన్నీ ఒక్కో తేదీ అడిగి రాసుకుంది. జాబ్ మారితే పాత వారాలు ఎక్కడికీ పోవు, ఎక్కడెక్కడ చేశామో అక్కడక్కడ పైనున్న సీపీఏ విడివిడిగా ఫారం నింపి ధ్రువీకరిస్తే చాలు అంది. 2009లో రూల్ మారినప్పట్నుంచి ఇక్కడ కంపెనీ జాబ్ అయినా గవర్నమెంట్ జాబ్ అయినా లెక్కలోకి వస్తుందట, ఆడిటే చెయ్యాలని లేదు. చదువుకునేటప్పుడు ఒక ట్యాక్స్ ఆఫీసులో 16 వారాలు వారానికి 20 గంటలు చేశానని మాటల్లో అంటే ఠక్కున పట్టుకుంది, పార్ట్ టైమ్ రెండు వారాలకి ఒక వారం చొప్పున 8 వారాలు వస్తాయంది. ఆ పని నేనే మర్చిపోయా! 31కి 8 కలిపితే 39, ఇంక 13 వారాలు చాలు. ఆ రోజు హాయిగా నిద్రపట్టింది.

తర్వాత మొదలైంది అసలు కథ. మెయిల్లో వచ్చిన చెక్‌లిస్టులో 2000 గంటలు అని ఉంది. అది టెక్సస్ లాంటి స్టేట్‌ల లెక్క, ఇక్కడ వారాల్లో చూస్తారు, ఫుల్ టైమ్ అంటే వారానికి 35 గంటలు. సరే పొరపాటేలే అనుకున్నా. కానీ సంతకం పెట్టిన ఫారాలన్నీ నేనే కలెక్ట్ చేసి ఒకేసారి అప్‌లోడ్ చెయ్యమని కూడా రాశారు, ఇక్కడ 4బి అనే ఎక్స్‌పీరియన్స్ ఫారం సూపర్‌వైజర్ నింపి నేరుగా లైసెన్సింగ్ ఆఫీసుకి పంపాలి, మన చేతి మీదుగా వెళ్లకూడదు. పాత మేనేజర్ అప్పటికే సంతకం పెట్టి నాకు పంపేసింది, పాపం ఆవిడ కూడా వేరే ఫర్మ్‌కి మారిపోయింది, మళ్లీ బతిమాలి మళ్లీ నింపించడానికి 5 వారాలు పట్టింది. సర్వీస్ వాళ్లకి మెయిల్ పెడితే సారీ కూడా కాదు, "అప్‌డేట్ చేస్తాం" అని ఒక్క లైను.

ఇంకోటి వాళ్లు అసలు చెప్పనే లేదు. కొత్త ఆఫీసులో నా పైనున్న కంట్రోలర్ గారు (అకౌంటింగ్ టీమ్ హెడ్) సీపీఏ అని అందరూ అంటారు, నేనూ నమ్మా. ఎందుకో అనుమానమొచ్చి సీపీఏ వెరిఫై సైట్‌లో పేరు కొట్టి చూస్తే (ఫ్రీనే) లైసెన్స్ ఎప్పుడో ల్యాప్స్ అయిపోయింది. ఆయన్ని వెళ్లి అడగాలంటే ఎంత ఇబ్బందో, "మీ లైసెన్స్ బతికుందా సార్" అని ఎలా అడుగుతాం? చివరికి హెచ్‌ఆర్‌కి విషయం చెప్పి, యాక్టివ్ లైసెన్స్ ఉన్న అసిస్టెంట్ కంట్రోలర్ కింద పని చేసేలా మార్పించుకున్నా. ఆ ముందు పోయిన 6 వారాలు పోయినట్టే, నా 13 వారాలు ఆవిడ కింద మొదటి రోజు నుంచి లెక్కపెట్టుకున్నా. డబ్బు తీసుకునే సర్వీస్ మొదటి కాల్‌లోనే అడగాల్సిన ప్రశ్న కదా ఇది, "నీ పైనున్నవాళ్ల లైసెన్స్ చూశావా" అని.

తీసుకోవాలంటే ఆ ఒక్క కాల్ వరకు తీసుకోండి, విడిగా ఇస్తారు, ఫుల్ ప్యాకేజీ వద్దు. ఫారాలు లైసెన్సింగ్ ఆఫీసు సైట్‌లో ఊరికే దొరుకుతాయి, రూల్ కూడా అక్కడే ఉంది, చదవడానికి గంట పడుతుంది. నా రెండో ఫారం పోయిన శుక్రవారం వెళ్లింది, మూడోది ట్యాక్స్ ఆఫీసు ఆయన దగ్గర ఉంది, ట్యాక్స్ ఫైలింగ్ గడువు ఏప్రిల్ 15 దాటేదాకా కదిలించొద్దన్నాడు.