రాజశేఖర చరిత్రము, పక్కన ఆంధ్రభారతి: పాత తెలుగు మాటలు నేర్చుకునేవారికి ఈ జత ఎంతవరకు పనికొస్తుంది?

దినపత్రిక చదవడంలో ఏ ఇబ్బందీ లేకపోయినా, నూరేళ్లు దాటిన తెలుగు పుస్తకం చేతికి వస్తే రెండో పుటకే అలసిపోయేవారు నాలాగా చాలామందే ఉంటారని అనుకుంటున్నాను. పదో తరగతి వరకు తెలుగు చదువుకున్నాను. ఇంటర్మీడియెట్‌లో అందరిలాగే మార్కుల కోసం రెండో భాషగా సంస్కృతం తీసుకున్నాను. దానివల్ల మార్కులు వచ్చాయి గానీ సంస్కృతం రాలేదు, ఉన్న తెలుగు కూడా అక్కడే ఆగిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ లోటు పూడ్చుకుందామని ఒక పాత నవలను మొదటి పుట నుంచి చివరి పుట వరకు, తెలియని ప్రతి మాటనూ గుర్తుపెట్టుకుంటూ చదవాలని నిశ్చయించుకుని, కందుకూరి వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రమును ఎంచుకున్నాను. పక్కన ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనను పెట్టుకున్నాను. మూడు నెలలు పట్టింది. సాహిత్యంగా ఈ నవల విలువ ఎంతో చెప్పడానికి పెద్దలు ఉన్నారు కనుక, మాటలు నేర్చుకునే సాధనంగా మాత్రమే ఈ రెండింటినీ ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ఈ నవల 1878లో వివేకవర్ధిని పత్రికలో ధారావాహికగా మొదలై, 1880లో పుస్తకంగా వచ్చింది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ఇంగ్లీషు నవల ఒకటి దీనికి ప్రేరణ అన్నది అందరికీ తెలిసిందే, అయితే కథ, మనుషులు, ఆచారాలు పూర్తిగా గోదావరి జిల్లావే. ధవళేశ్వరంలో కలిగిన ఇంటి యజమాని రాజశేఖరుడు ముఖస్తుతికి లొంగి, జ్యోతిష్కులనూ బైరాగులనూ నమ్మి, ఉన్నదంతా పోగొట్టుకుని, భార్యనూ పిల్లలనూ వెంటబెట్టుకుని ఊరు విడిచి వెళ్లే కథ ఇది. చిన్నయసూరి నీతిచంద్రికతో పోలిస్తే ఇందులోని వచనం ఎంతో తేలిక. గ్రాంథికమే అయినా, కథ చెప్పాలన్న తొందర ఉన్న గ్రాంథికం. పాత తెలుగులోకి దిగాలనుకునేవారికి మొదటి మెట్టుగా ఇదే సరైనదని మూడు నెలల తర్వాత కూడా నా అభిప్రాయం.

పద్యకావ్యంలో కాకుండా నవలలో మాటలు ఎందుకు నిలుస్తాయో ఈ పుస్తకం చదివేటప్పుడే అర్థమైంది. కావ్యంలో ఒక మాట ఒక్కసారి మెరిసి వెళ్లిపోతుంది, మళ్లీ కనబడే పూచీ లేదు. నవలలో అదే మనిషి, అదే ఇల్లు, అదే గొడవ పదే పదే వస్తాయి కనుక వాటితోపాటు మాటలూ తిరిగి వస్తాయి. బంగారం చేసిపెడతానని నమ్మించి ఇంట్లో ఉన్న బంగారాన్నే ఎత్తుకుపోయిన బైరాగి కథ చదివినవారికి రసవాదం అంటే ఏమిటో నిఘంటువు చెప్పనక్కరలేదు. రసం అంటే ఇక్కడ పాదరసమని మాత్రం ఒకసారి చూసుకుంటే చాలు, ఆ మాట ఇక మరుపు రాదు. రాజశేఖరుడి ఇంటి వర్ణన వచ్చే ప్రకరణం నాకు మరో విధంగా ఉపకరించింది. అది చదువుతున్నంతసేపూ ధవళేశ్వరానికి దగ్గరలోని కడియంలో మా అమ్మమ్మగారి ఇల్లు కళ్లముందు కదిలింది, ఆవిడ నోట విన్న నడవ, పడసాల, పెరడు వంటి మాటలు ఒకటొకటిగా గుర్తుకు వచ్చాయి. పాతబడిపోయాయని నేను అనుకున్న మాటల్లో కొన్ని నా చిన్నతనంలో మా ఇంట్లోనే తిరిగినవి.

అసలు చిక్కు మరొక చోట ఉంది, దానిని గురించే కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి ప్రకరణంలో తెలియని మాటల కింద పెన్సిలుతో చుక్క పెడుతూ వెళ్లాను. వెనక్కి వచ్చి చూసుకుంటే ఆ చుక్కల్లో సగానికి పైగా నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన మాటలే; సంధిలో వేషం మార్చుకోవడం వల్ల నేను పోల్చుకోలేకపోయాను. నవలలోది కాదు గానీ, నేను కట్టిన ఈ వాక్యం చూడండి: «రాజశేఖరుఁడు ధనముఁ గోలుపోయి యింటికిఁ బోయెను.» నిఘంటువులో గోలుపోవు అని వెతికితే దొరకదు, ఎందుకంటే అది కోలుపోవు, అంటే మనం ఇప్పుడు కోల్పోవు అంటున్న మాటే. యింటికి అన్నది ఇంటికి. బోయెను అన్నది పోయెను. పల్లకీ మోసే బోయీలతో దానికి ఏ సంబంధమూ లేదని తెలుసుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టిందని ఒప్పుకోక తప్పదు.

దీని వెనుక ఉన్న సూత్రం బడిలో మనందరం బట్టీ పట్టినదే. ద్రుతం, అంటే చివర దాగి ఉన్న నకారం తర్వాత క చ ట త ప అన్న అక్షరాలు వస్తే అవి గ జ డ ద బలుగా మారతాయి. 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఇచ్చిన ఉదాహరణ పూచెను, కలువలు కలిసి పూచెఁగలువలు కావడం. పరీక్షలో రెండు మార్కులకు రాసి మరచిపోయిన ఆ సూత్రం ఒక నవల చదవడానికి తాళంచెవి అని మాకు ఏ మాస్టారూ చెప్పలేదు, లేదా చెప్పిన రోజు నేను వినలేదు. ప్రథమా విభక్తి మీద వచ్చే గసడదవాదేశం (అంటే క చ ట త పలు గ స డ ద వలుగా మారడం), అచ్చు ముందు చేరే యకారం, ఈ రెండింటినీ కూడా పక్కన రాసి పెట్టుకుంటే చాలు, పుటకు పది ఉన్న చుక్కలు నాలుగుకు దిగుతాయి. నవల మొదలుపెట్టే ముందు ఈ మూడు సంధులకు ఒక గంట కేటాయించమని గట్టిగా చెబుతాను.

ఇక్కడే నాకు చిన్న దెబ్బ తగిలింది. మొదట నేను కొన్న ప్రతి ఒక కొత్త పునర్ముద్రణ. ప్రచురణకర్త పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. పాఠకులకు సులువుగా ఉంటుందన్న సదుద్దేశంతోనే కాబోలు, అందులో అరసున్నలన్నీ తీసివేశారు, బండి ర స్థానంలో మామూలు ర వేశారు. చూడడానికి పుట శుభ్రంగా ఉంటుంది. కానీ ఇంటికిఁ బోయి అని ఉన్నప్పుడు ఆ అరసున్నే ద్రుతం ఇక్కడ ఉందనీ, తర్వాతి అక్షరం మారిందనీ చెప్పే గుర్తు. దానిని తీసివేసి ఇంటికి బోయి అని అచ్చువేస్తే, మారిన అక్షరం మిగిలింది, ఎందుకు మారిందో చెప్పే గుర్తు పోయింది. సులువు చేయబోయి కష్టం చేయడమంటే ఇదే. అర్థభేదాలు కూడా పోతాయి: ఏడు అంటే సంఖ్య, ఏఁడు అంటే సంవత్సరం, అరుగు అంటే వెళ్లడం, అఱుగు అంటే జీర్ణం కావడం. సగం పుస్తకం అయ్యాక పాత ముద్రణ స్కాను ప్రతి ఒకటి ఇంటర్నెట్టులో సంపాదించి, మిగిలిన సగం దానిలో చదివాను. అక్షరాలు మసకగా ఉన్నా చదువు వేగం పెరిగింది.

ఇక ఆంధ్రభారతి సంగతి. ఇది ఉచితం, ఒక మాట ఇస్తే అనేక నిఘంటువుల్లో దానికి ఉన్న అర్థాలను ఒకే చోట, ఒకదాని కింద ఒకటిగా చూపిస్తుంది. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరము, సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, 1936లో మొదటి సంపుటం వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు అందులో ఉన్నాయి. ఇవన్నీ పుస్తకాలుగా కొని బల్ల మీద పెట్టుకోవాలంటే ముందు పెద్ద బల్ల కొనుక్కోవాలి, సూర్యరాయాంధ్రమే ఎన్నో బరువైన సంపుటాలు. ఈ సౌకర్యం అసామాన్యమైనది, దీనిని కూర్చినవారి శ్రమకు నమస్కారం.

ఒక్కొక్క నిఘంటువు స్వభావం తెలిసి వాడుకుంటేనే దీని ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది. శబ్దరత్నాకరం పండితుల కోసం రాసినది కనుక ఒక పాత మాటకు మరో పాత మాటను అర్థంగా ఇస్తుంది. అయినా ముందుగా అక్కడే చూడడం నాకు అలవాటైంది, ఎందుకంటే మాట దేశ్యమో సంస్కృతమో, విశేష్యమో విశేషణమో ఒక పొడి అక్షరంతో తేల్చి చెబుతుంది. దే., అంటే దేశ్యం, అని కనబడితే నాకు లోలోపల ఒక సంతోషం. అర్థం అక్కడ తేలకపోతే బ్రౌన్ దగ్గరికి వెళ్లాలి. ఆయన జనం మాట్లాడే మాటలను, వాళ్లు ఆ మాటలు వాడే తీరును పట్టించుకున్నాడు, అందువల్ల వాక్యంలో ఆ మాట ఎలా కూర్చుంటుందో ఆయన వద్ద స్పష్టమవుతుంది. తెలుగు మాట అర్థం కోసం ఇంగ్లీషు చదవవలసి రావడం కొంచెం సిగ్గుగా ఉంటుంది గానీ, సిగ్గుపడితే చదువు సాగదు. కచేరీ వ్యవహారాల్లోని పారసీ, ఉర్దూ మాటలకు ఆయనే 1854లో వేరుగా మిశ్రభాషా నిఘంటువు కూర్చాడని తెలిసి ఆశ్చర్యపోయాను. సూర్యరాయాంధ్రాన్ని చివరికి అట్టిపెట్టుకోవాలి. అది మాటకు కావ్యప్రయోగాలు చూపిస్తుంది, సాయంత్రం అరగంటలో ఒక ప్రకరణం ముగించాలనుకునేవాడు అక్కడ కాలు పెడితే పద్యాల వెంట పోయి నవల మాట మరచిపోతాడు. నేను రెండుసార్లు మరచిపోయాను.

నిఘంటువు అన్నాక వెతకడానికి మనం ఇవ్వవలసింది మాట మూలరూపం. అందుకే పైన చెప్పిన సంధుల సంగతి ముందుగా రావాలి. మఱియు, చెఱువు, వెఱ్ఱి వంటి మాటలను బండి ర తోనే వెతకడం అలవాటు చేసుకోవాలి, పాత నిఘంటువుల్లో వాటి చోటు అదే. పొడుగాటి సంస్కృత సమాసం ఎదురైతే చివరి మాటను ముందు చూసి, తర్వాత వెనక్కి రావడం మేలు. దారిద్ర్యపీడితుఁడు అన్నచోట పీడితుఁడు ఎవరో తెలిస్తే దేనిచేత అన్నది తర్వాత తేలుతుంది.

అన్నిటికంటే నాకు ఎక్కువ మేలు చేసిన పద్ధతి మాత్రం నిఘంటువును వెంటనే తెరవకపోవడం. మొదట్లో ప్రతి మాటకూ ఫోను తీసేవాణ్ని, దానితో కథ తెగిపోయేది, మాటా నిలిచేది కాదు. తర్వాత చుక్క పెట్టి ముందుకు సాగి, ప్రకరణం ముగిశాక మాత్రమే చూడడం మొదలుపెట్టాను. అప్పటికి చాలా చుక్కలు వాటంతటవే తేలిపోయి ఉంటాయి, మిగిలినవాటికి నేను ఊహించిన అర్థం ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఊహ సరిపోతే ఆనందం, తప్పితే ఆ తప్పు వల్లే మాట గట్టిగా గుర్తుంటుంది. కొత్త మాటలను కార్డుల మీద రాసి తిప్పే ఆప్‌లు కూడా రెండు వారాలు ప్రయత్నించాను. మాట ఒక్కటే ఒంటరిగా కనబడేసరికి అది ఎవరు ఎవరితో అన్నారో గుర్తురాక, మూడో వారం వాటిని తీసివేశాను.

లోపాలు లేవని కాదు. వర్ణనలు మొదలైతే పుటల తరబడి సాగుతాయి, అక్కడ నేర్చుకున్న చెట్ల పేర్లూ ఆభరణాల పేర్లూ నాకు సగం కూడా మిగలలేదు. పంతులుగారు మూఢనమ్మకాలను ఎండగట్టే ఉత్సాహంలో మనుషులను ఆపి ఉపన్యాసం ఇప్పిస్తారు, ఆ భాగాల్లో మాటలు బరువెక్కుతాయి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్న పిల్లలకు, లేదా విదేశాల్లో పుట్టి పెరిగి ఇప్పుడే తెలుగు చదవడం మొదలుపెట్టిన మన పిల్లలకు ఈ పుస్తకం ఇవ్వవద్దు, భయపడి పారిపోతారు. వార్తాపత్రిక ధారాళంగా చదవగలవారికే ఇది సరిపడుతుంది. నేర్చుకున్న మాటలు రోజువారీ సంభాషణకు అక్కరకు వస్తాయని కూడా ఆశించకూడదు. ఇంటి వాట్సాప్ గుంపులో ఎందుకంటే అనవలసిన చోట ఏలయన అని రాసినందుకు నన్ను ఇప్పటికీ పంతులుగారూ అనే పిలుస్తున్నారు. కానీ మా నాన్నగారి బీరువాలోని పాత దస్తావేజును మొన్న ఎవరి సాయమూ లేకుండా చివరి వరకు చదివాను.

కొనదలచినవారు దుకాణంలోనే ఏదో ఒక పుట తెరచి చూడండి. మఱియు అని ఉండి, అక్కడక్కడ అరసున్న కనబడితే ఆ ప్రతి తీసుకోండి. మరియు అని ఉంటే దానిని అలాగే అరలో పెట్టి, పాత పుస్తకాలు అమ్మే చోట మరొకటి వెతకండి.