పాత నికెల్ నాణేల యాత్ర: కొలరాడో మ్యూజియమా, ఒర్లాండో సంతా?

అయిదు సెంట్ల పాత నికెళ్లు ఏరుకునేవాళ్లకు కొలరాడో స్ప్రింగ్స్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ మ్యూజియం చూసి తీరాల్సిన చోటు. 1913 లిబర్టీ నికెళ్లు ఉన్నవే అయిదు. అందులో ఒకటి వీళ్లది. అప్పుడప్పుడు దాన్ని బయటి ప్రదర్శనలకు తీసుకెళ్తుంటారు కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోండి. నాణేలంటే విసుక్కునే ఇంట్లోవాళ్లను ఆ పూట గార్డెన్ ఆఫ్ ది గాడ్స్ అనే ఎర్ర రాళ్ల పార్కుకి పంపొచ్చు, అక్కడ టికెట్ లేదు. డెన్వర్ టంకశాల టూర్ కూడా ఉచితమే. బ్యాగులు లోపలికి రానివ్వరు, అద్దాల అవతల యంత్రాలు తప్ప పాత నాణెం చేతికందదు. దాని కోసమే అయితే వెళ్లక్కర్లేదు.

కొనడానికి మాత్రం జనవరిలో ఫ్లోరిడాలో జరిగే ఫన్ షోకే వెళ్లాలి, ఇది ఫ్లోరిడా యునైటెడ్ న్యూమిస్మాటిస్ట్స్ (FUN) అనే నాణేల సంఘం పెట్టే సంత. ఎక్కువ ఏళ్లు ఒర్లాండోలోనే పెడతారు. గది హాలుకు నడిచి వెళ్లేంత దూరంలో తీసుకోండి. బుక్ చేసేముందు రిసార్ట్ ఫీజు (అద్దె మీద హోటల్ వేసే అదనపు రుసుము) కలిపి మొత్తం ఎంతో చూసుకోండి. ఆఖరి రోజు నమ్ముకోవద్దు, చాలామంది డీలర్లు మధ్యాహ్నానికే సర్దేస్తారు.

డీలర్ బల్ల దగ్గర కూర్చున్నాక పదింతలు పెద్దగా చూపే లూప్‌ (చిన్న భూతద్దం) తో, ఒకే దీపం కింద, నాణేన్ని వంచి తిప్పుతూ చూడాలి. ఒకవైపు అమెరికా ఆదివాసి తల, రెండోవైపు దున్న ఉండే బఫెలో నికెల్‌లో ముందు అరిగేది ఆదివాసి భుజం మీది తేదీ, దున్న కొమ్ము. కొమ్ము కొస దాకా కనిపిస్తే 'వెరీ ఫైన్' అనే గ్రేడు కింద లెక్క. 1926-డి లాంటి వాటితో (ఏడాది పక్కన డి అంటే డెన్వర్, ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల) చిక్కేమిటంటే, అచ్చే సరిగా పడలేదు. కొమ్ము దగ్గర టంకశాల మెరుపు మిగిలి ఉంటే అది అచ్చు లోపం, మెరుపు కూడా పోతే అరుగుదల. 1937-డి మూడు కాళ్ల దున్నలో అచ్చు దిమ్మను అతిగా సానపట్టడం వల్ల ముందు కాలు పోయింది. అసలుదానికి పొట్ట కింది నుంచి నేల దాకా ఉబ్బెత్తు చుక్కల ధార ఉంటుంది. నాలుగు కాళ్లదాన్ని గీకి చేసిన నకిలీలో అది కనిపించదు.

ఎన్ని ముద్రించారన్న అంకె ఒక్కటే చూసి ధర కట్టొద్దు. 1950-డి నికెళ్లు 26.3 లక్షలే, జెఫర్సన్ నికెళ్లలో (బఫెలో తర్వాత వచ్చిన, అధ్యక్షుడు జెఫర్సన్ బొమ్మవి) అతి తక్కువ. కానీ అప్పట్లోనే జనం కాగితపు చుట్టలకు చుట్టలు దాచేయడంతో కొత్తవి ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి. బఫెలోలో 1926-ఎస్ 9.7 లక్షలు, అరిగినవి దొరుకుతాయి, మెరుపు చెడనిది దొరకడమే గగనం. జెఫర్సన్‌కైతే వెనక వైపున్న ఆయన ఇల్లు మాంటిచెల్లో మెట్లు లెక్కపెట్టండి: కనీసం అయిదు, మధ్యలో గాటు పడకుండా కనిపిస్తే బాగా అచ్చైనట్టు.

నాణెం స్థితికి అంకె వేసి ఇచ్చే గ్రేడింగ్ సంస్థలు షోలోనే నాణేలు తీసుకుంటాయి. తోమిన నాణెం ఇస్తే ఫీజు పోతుంది, స్లాబ్ (నాణెం పెట్టి మూసే ప్లాస్టిక్ పెట్టె) మీద అంకె బదులు 'డీటెయిల్స్' అని రాసిస్తారు.