తేమ తీసి చదవాల్సిన కాటా

2019 జూన్‌లో ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలు పెట్టి కొన్న బరువు మిషన్ ఇది. గాజు పలక, నాలుగు మూలలా నాలుగు కాళ్ళు, 180 కిలోల దాకా తూస్తుంది, వంద గ్రాముల తేడా చూపిస్తుంది. ఆరున్నరేళ్ళుగా వాడుతున్నాను. ఆ మోడల్ ఇప్పుడు దొరకడం లేదు కాబట్టి కంపెనీ పేరుతో పని లేదు. బరువు మిషన్‌కు ఇంత పెద్ద సమీక్షా అంటారేమో. నేను నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర ఒక రైసుమిల్లులో గుమస్తాని. ఇరవై రెండేళ్ళుగా తూకాలు రాయడమే పని. తూకం సంగతి కదిలిస్తే నాకు నోరు ఆగదు.

మా దగ్గర వడ్ల లెక్క పుట్లలో ఉంటుంది. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ట్రాక్టరు ధర్మకాటా ఎక్కగానే రైతు కళ్ళు బరువు మీద ఉంటాయి, మా కళ్ళు తేమ మీద ఉంటాయి. 17 శాతం దాటితే ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. మిల్లులో అయితే తరుగు తీస్తారు, అంటే తేమ కింద బరువులో కోత వేస్తారు, దాని మీద రోజూ గొడవే. అవే వడ్లు నాలుగు రోజులు ఎండలో పోస్తే బస్తా బరువు తగ్గుతుంది, గింజ మాత్రం ఒక్కటి కూడా తగ్గదు. ఈ సంగతి రోజూ చేత్తో పట్టుకుని చూస్తూ కూడా, నా ఒంటికి ఇదే వర్తిస్తుందని తట్టడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

మిషన్ కొనక ముందు ఏడాది, అంటే 2018లో, కొబ్బరినూనె డైట్ ఊరంతా ఊపేసింది గుర్తుందా? అన్నం బంద్, రోజుకు డెబ్బై నుంచి వంద గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు. మా వీధిలో కిరాణా కొట్టువాడికి గానుగ కొబ్బరినూనె తెప్పించడానికే టైం సరిపోయేది కాదు. నేనూ దిగాను. మొదటి వారంలోనే మిల్లులో బస్తాల కాటా మీద ఎక్కితే మూడున్నర కిలోలు తగ్గాను. హమాలీలు చప్పట్లు కొట్టారు. ఇరవై మూడో రోజున ఇంట్లో బొమ్మిడాయిల పులుసు పెట్టారు, మామిడికాయ ముక్కలేసి. అదీ ముందు రోజు కాచి పెట్టిన పులుసు. ఇక చెప్పేదేముంది. అన్నం మళ్ళీ మొదలైన పది రోజుల్లో మూడు కిలోలు వెనక్కి వచ్చాయి.

అప్పుడు ఆ డైట్ మోసమనుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. అన్నం మానేస్తే ఒంట్లో దాచి ఉన్న పిండిపదార్థం, గ్లైకోజెన్ అంటారు, ముందుగా ఖర్చయిపోతుంది. దానికి అంటుకుని గ్రాముకు మూడు గ్రాముల దాకా నీళ్ళుంటాయి. అదీ పోతుంది. అంటే నాకు తగ్గినదాంట్లో ఎక్కువ భాగం తేమ. వడ్లు ఆరబోసి బరువు తగ్గాయని సంబరపడినట్టు. నేను చూసినంతలో వారంలో ఐదు కిలోలు, పది రోజుల్లో ఏడు కిలోలు అని బోర్డు పెట్టే ప్రతివాడూ అమ్మేది ఈ తేమనే. తరుగు లెక్క చెప్పడు, అంతే.

ఇప్పుడు మిషన్ సంగతి. కాళ్ళలో ఉండే చిన్న లోహపు ముక్కలను లోడ్ సెల్ అంటారు. బరువు పడితే అవి కంటికి కనబడనంతగా వంగుతాయి, ఆ వంపును కరెంటులో తేడాగా కొలిచి అంకె చూపిస్తుంది. మా ధర్మకాటా కింద ఉన్నవీ అవే, సైజు పెద్ద. అందుకే నేల సమంగా లేకపోతే దీనికి నమ్మకం లేదు. బాత్రూంలో వాలు ఉంటుంది, అక్కడ వద్దు. చాప మీద, పట్టా మీద అసలే వద్దు. నేను ఒకసారి పడకగదిలో చాప మీద పెట్టి ఎక్కితే నాలుగు కిలోలు తక్కువ చూపించింది, ఆ పూట రెండు దోసెలు అదనంగా తిన్నాను. ఇప్పుడు హాల్లో ఒక టైలు మీద పెన్సిల్‌తో నాలుగు గీతలు గీసి పెట్టాను. పొద్దున లేచి, దొడ్డికి వెళ్ళొచ్చి, మంచినీళ్ళు తాగక ముందే, అదే లుంగీతో, అక్కడే. మా ఆవిడ తుడిచేటప్పుడు ఆ గీతలు చెరిపి పెద్ద యుద్ధం జరిగింది. ఇప్పుడవి నెయిల్ పాలిష్ గీతలు.

ఇలా ఎక్కినా రోజుకో అంకె. మొదటి రెండు నెలలూ ఈ టెన్షన్‌తోనే సరిపోయింది. కావలిలో మా మేనకోడలి పెళ్ళికి వెళ్ళొచ్చిన మర్నాడు కిలో ఎనిమిది వందలు పెరిగి ఉంది. గుండె ఆగినంత పనైంది. తర్వాత కాగితం తీసి లెక్క వేశాను. ఒంట్లో కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కెలోరీలు. కిలో ఎనిమిది వందలకు పదమూడు వేల పైచిలుకు, అదీ మామూలు తిండి మీద అదనంగా. నేనెంత పెళ్ళి భోజనం చేసినా ఒక్క రాత్రిలో అన్ని బొబ్బట్లు పట్టవు. అది ఉప్పు, ఉప్పు పట్టుకున్న నీళ్ళు, ఇంకా పొట్టలోనే ఉన్న భోజనం. నాలుగో రోజుకి దానంతటదే దిగింది. ఎండుచేపల కూర తిన్న మర్నాడు కూడా ఇంతే, ఆవకాయ కాస్త ఎక్కువైనా ఇంతే.

అందుకని మిల్లు చిత్తు పుస్తకం ఒకటి తెచ్చి రోజు అంకె రాసి, ఆదివారం ఏడూ కూడి ఏడుతో భాగించి, ఎర్ర పెన్నుతో రాస్తున్నాను. నేను నమ్మేది ఆ ఎర్ర అంకెనే. మిషన్ మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే: పుస్తకం ఉంటే మంచిది, లేకపోతే రోజూ తిట్టుకోవడానికి ఒక వస్తువు.

ఆ పుస్తకం వల్ల బయటపడిన దొంగ, టీ. మిల్లులో రోజుకు ఆరు టీలు తాగేవాణ్ణి, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. పదేసి గ్రాములు వేసుకున్నా రోజుకు అరవై గ్రాములు, అంటే 240 కెలోరీలు. ముప్పై రెండు రోజులకు ఒక కిలో కొవ్వు లెక్క. కాగితం మీద లెక్క కాబట్టి నిజంగా అంత తగ్గలేదు, తగ్గిన మేరకు వేరే చోట తినేస్తాం కదా. అయినా ఆరు టీలు రెండయ్యాయి, చక్కెర అర చెంచా అయింది. చక్కెర బదులు తీపి బిళ్ళలు వేసుకోమన్నారు కొందరు. బరువు తగ్గడానికి వాటిని వాడవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. నాకు అంత దూరం కూడా అక్కర్లేదు, వాటి రుచే నచ్చలేదు.

రెండో దొంగ అన్నం అనుకుంటారు. అన్నం కాదు, రెండోసారి వడ్డన. చేపల పులుసు ఉన్న రోజు చేప వల్ల ఏమీ కాదు, ఆ పులుసు మిగిలిపోతుందని వేసుకునే అన్నం వల్ల అవుతుంది. పెద్ద కంచం అటక మీద పెట్టించాను. గరిటెతో రెండు, అంతే, మూడోది పులుసే తాగేయడం. దీనికి అలవాటు పడటానికి నాకు ఏడాది పట్టింది, అబద్ధం చెప్పను. కారం దోసె మానలేదు. ఆదివారం ఒకటి, నెయ్యితోనే. సాయంత్రం కాలవ కట్ట మీద నలభై నిమిషాల నడక. నడక వల్ల బరువు పెద్దగా తగ్గలేదు గానీ, ఆ టైంలో బజ్జీల బండి దగ్గర ఉండకపోవడం వల్ల తగ్గింది.

మధ్యలో చూసిన మిగతా వేషాలు త్వరగా చెప్పేస్తాను. జీలకర్ర నీళ్ళు: మిషన్‌కు తెలియలేదు. నెల్లూరులో ఒక సెల్లార్‌లో పొద్దున్నే షేక్ తాగించే క్లబ్బు: నెలకు ఆరు వేలైంది, రెండు కిలోలు తగ్గాను, ఎందుకంటే టిఫిన్ మానేశాను, ఆ మానేయడం ఇంట్లో ఉచితంగా చేయొచ్చు. పైగా అక్కడ నన్ను ఇంకో నలుగుర్ని చేర్చమన్నారు. కొర్రలు, సామలు: 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక మా మిల్లు ఓనరు కూడా తెప్పించాడు. పీచు ఎక్కువ, మంచివే. కానీ వంద గ్రాముల కొర్రలకూ వంద గ్రాముల బియ్యానికీ కెలోరీల్లో పెద్ద తేడా లేదు. కొర్రలు కదా అని రెండు గిన్నెలు తింటే వచ్చేది రెండు గిన్నెల బరువే. 2025లో మన దేశంలోకి వచ్చిన, బరువు తగ్గించే కొత్త ఇంజక్షన్ల సంగతి వేరు, అవి నిజమైన మందులు, డాక్టరు మాట్లాడాల్సిన విషయం. మా ఆవిడ రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగి నా కోసం ఆరోగ్య రొట్టె పట్టుకుంది. తగ్గింది దాని వల్లేనంటుంది. నేను వాదించను, నెలకు ఆరు వేలు అడగలేదు కదా.

పుస్తకంలో అంకెలు: 2019 జూన్‌లో 91.4. 2020 మార్చికి 86.2. లాక్‌డౌన్‌లో మిషన్ మంచం కిందే ఉంది, నాకే ఎక్కబుద్ధి కాలేదు. ఆగస్టులో ఎక్కితే 90.3. అక్కడి నుంచి మళ్ళీ మొదలు. ఇప్పుడు 78.6. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. మనవాళ్ళకు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 23 లోపు ఉండాలంటారు, ఆ లెక్కన నేను 65 కిలోల లోపు ఉండాలి. ఆ అంకె నేను చూడకపోవచ్చు. మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదన్న లెక్క నాకు పనికొచ్చింది. టేపుతో కొలిస్తే 104 నుంచి 93కి వచ్చింది. ఆ మూడూ ఇంకా ఉన్నాయి.

తగ్గినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. ముఠా మేస్త్రీ ఒకరోజు నా వైపే చూసి, "ఏందన్నా, ఇట్టా చిక్కిపోయినావు? షుగరేమన్నా వచ్చిందా?" అన్నాడు. అడగడంలో తప్పు లేదు, కారణం లేకుండా తగ్గితే పరీక్ష చేయించుకోవాల్సిందే. నేనూ చేయించుకున్నాను, షుగరు లేదు. అమ్మకు మాత్రం ఏ రిపోర్టూ పనిచేయదు. "గాలికి పడిపోయేట్టుండావు నాయనా, ఇంకో ముద్ద తిను" అంటుంది, ఎనభై కిలోల మనిషిని పట్టుకుని.

లోపాలు కూడా చెప్పాలి. బ్యాటరీ అయిపోవచ్చే ముందు చెప్పాపెట్టకుండా కిలో, కిలోన్నర తేడా చూపిస్తుంది. 2021లో అలా జరిగిన వారం అంకెలన్నీ కొట్టేశాను. ఏడాదికోసారి మార్చేయడం నయం. మూడు నెలలకోసారి ఐదు కిలోల బియ్యం సంచులు నాలుగు మిల్లు కాటాలో తూచి తెచ్చి దీని మీద పెడతాను. ఇప్పటివరకు రెండు వందల గ్రాములకు మించి తేడా రాలేదు. కొత్తలో ఒక సందేహం వచ్చి కంపెనీకి రెండు మెయిళ్ళు పెట్టాను, ఇంతవరకు జవాబు లేదు.

మా బామ్మర్ది ఒంట్లో కొవ్వు శాతం కూడా చెప్పే యాప్ మిషన్ కొన్నాడు, దీనికి మూడింతల ధర. ఒక కాలి నుంచి ఇంకో కాలికి చిన్న కరెంటు పంపి, వయసూ ఎత్తూ కలిపి అంచనా కడుతుందట. నేను ఎక్కితే 31 శాతం. పాదాలు కడుక్కొచ్చి తడితోనే ఎక్కితే 28. ఐదు నిమిషాల్లో మూడు శాతం కొవ్వు కాలవలో కలిసిపోయిందన్నమాట. మా మిల్లులో తేమ మిషన్ ఇట్లా చూపిస్తే రైతులు ఊరుకోరు. తీసుకునేవాళ్ళు యాప్ లేని మిషనే తీసుకోండి.

పోయిన నెల ఒక కాలి రబ్బరు బిళ్ళ ఊడిపోయింది. పాత సైకిల్ ట్యూబు గుండ్రంగా కత్తిరించి అంటించాను. బియ్యం సంచులు పెట్టి చూశాను, తూకం సరిగ్గానే ఉంది.