ఏంజెల్ ఐలాండ్ వలస కేంద్రం: గోడలే సాక్ష్యం చెప్పే మ్యూజియం

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిన మనవాళ్లు గోల్డెన్ గేట్ వంతెనను, అల్కట్రాజ్ జైలును చూడకుండా రారు. అదే అఖాతంలో, అల్కట్రాజ్‌కు ఉత్తరాన ఉన్న ఏంజెల్ ఐలాండ్ పేరు మాత్రం వారి నోట అరుదుగా వినిపిస్తుంది. జాతివివక్ష ఒక దేశంలో చట్టంగా మారి, ప్రభుత్వ కార్యాలయ పనిగా రోజూ ఎలా నడిచిందో ఆధారాలతో సహా చూపించే చోటు ఇంతకంటే మంచిది నాకు తెలియదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ, పిల్లల్ని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులూ దీనికోసం ఒక పూట తప్పక కేటాయించాలి.

ఈ కేంద్రం 1910 నుంచి 1940 వరకు పనిచేసింది. దీన్ని న్యూయార్క్‌లోని ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రానికి జోడీగా చెప్పడం వాడుకే గానీ, ఆ పోలిక సరికాదు. ఐరోపా నుంచి ఎల్లిస్ ఐలాండ్‌కు చేరినవారిలో అత్యధికులు కొద్ది గంటల్లోనే బయటపడేవారు, వెనక్కి పంపబడినవారు నూటికి ఇద్దరు. ఏంజెల్ ఐలాండ్‌లో జరిగింది వేరు. చైనా కూలీలు దేశంలోకి రాకుండా 1882లో చేసిన చట్టాన్ని అమలు చేయడమే ఇక్కడి ప్రధానమైన పని కనుక, వచ్చినవారిని ముందు నిర్బంధించి, ఆ తర్వాతే వారి హక్కును విచారించేవారు. ఆ నిర్బంధం కొందరికి వారాలు, కొందరికి నెలలు, అరుదుగా ఏడాదికి పైగా సాగింది.

మ్యూజియంలో అన్నిటికంటే విలువైనది నిర్బంధితులను ఉంచిన చెక్క భవనం. ఇనుప స్తంభాలకు ఒకదానిపై ఒకటిగా మూడేసి పడకలు బిగించిన ఆ గదుల్లో ఇద్దరు ఎదురుపడితే పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. గోడల మీద మొదటి చూపుకు పాత రంగు తప్ప ఏమీ కనబడదు. వెలుతురు పక్కవాటుగా పడే చోట నిలబడి ఓపికగా చూస్తే, రంగు పొరల కింద నుంచి నిలువు వరుసల్లో చైనా లిపి అక్షరాలు ఒక్కొక్కటే తేలివస్తాయి. అవి నిర్బంధితులు చెక్కుకున్న పద్యాలు. ఛందస్సు తప్పకుండా, పురాణకథల ప్రస్తావనలతో, ఇల్లు విడిచి వచ్చిన దుఃఖాన్నీ, ఇక్కడ జరిగిన అవమానం మీద కోపాన్నీ చెప్పిన పద్యాలు. అలాంటివి 200కు పైగా దొరికాయి. ఇవి గోడలు పాడుచేసే పిచ్చిరాతలని అధికారులు లప్పం పూసి, రంగు వేయించారు. ఆ పూతే చెక్కను కాపాడింది. కూల్చివేతకు సిద్ధమైన ఈ భవనంలో 1970లో అలెగ్జాండర్ వైస్ అనే పార్కు ఉద్యోగి ఈ రాతలను గమనించడం, ఆసియా మూలాలున్న అమెరికన్లు పట్టుబట్టి పోరాడటం వల్లనే ఇవాళ మనం వీటిని చూడగలుగుతున్నాం.

విచారణ గురించిన భాగం దగ్గర తొందరపడవద్దు. 1906 భూకంపంలో, ఆ వెంటనే చెలరేగిన మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాక, తాము అమెరికాలోనే పుట్టామని, అంటే పౌరులమని చెప్పుకునే అవకాశం చాలామంది చైనీయులకు దొరికింది. పౌరుల పిల్లలకు ప్రవేశం ఉండటంతో, వారి సంతానంగా కాగితాల మీద మాత్రమే కొడుకులైనవారు కూడా రాసాగారు. వారిని పట్టుకోవడానికి అధికారులు ఇంటి ముందు మెట్లెన్ని, బియ్యం డబ్బా ఏ మూల ఉంటుంది, వీధిలో మూడో ఇల్లు ఎవరిది వంటి ప్రశ్నలు వేసి, ఆ జవాబులను బంధువుల జవాబులతో పోల్చేవారు. నిజమైన కొడుకు కూడా తడబడేటంత సూక్ష్మమైన ప్రశ్నలవి. అందుకే అసలు కొడుకులు సైతం ఓడ ఎక్కేముందు జవాబులు వల్లె వేసుకోవలసి వచ్చింది.

ఇది చైనీయుల చరిత్రే కదా అనుకునే తెలుగువారికి ఒక మాట చెప్పాలి. ఈ కేంద్రానికి వచ్చిన జాతులన్నిటిలోకీ ఎక్కువ శాతం తిరస్కరణకు గురైనది భారతీయులే. మనవారిని ఆపడానికి మొదట్లో ప్రత్యేక చట్టం లేకపోవడంతో ప్రభుత్వానికి భారమవుతారనో, కొంకిపురుగుల వ్యాధి ఉందనో కారణం చూపి తిప్పిపంపేవారు. 1917 చట్టంతో ఆ అవసరమూ లేకుండా పోయింది. 1915లో పెషావర్ నుంచి భార్య కళ, ముగ్గురు కొడుకులతో ఇక్కడికి వచ్చిన వైష్ణోదాస్ బాగాయ్ చేతిలో 25,000 డాలర్ల విలువైన బంగారం ఉంది గనుక లోపలికి రానిచ్చారు. ఆయన వ్యాపారం చేసి, పౌరసత్వమూ సంపాదించారు. పౌరసత్వానికి అర్హులైన శ్వేతజాతీయుల కిందికి భారతీయులు రారని 1923లో భగత్‌సింగ్ థింద్ అనే భారతీయ వలసదారు కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక ఆ పౌరసత్వం పోయింది, ఆస్తి హక్కూ పోయింది. 1928లో ఆయన పత్రికకు ఒక లేఖ రాసి ప్రాణం తీసుకున్నారు. ఈ కథ తెలుసుకుని ఈ కేంద్రం మెట్లు ఎక్కినవారికి అక్కడి ప్రతి గదీ వేరుగా కనిపిస్తుంది. 1946లో మనకు ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది మాత్రమే. మన ఇంజనీర్లకూ డాక్టర్లకూ తలుపు తెరిచింది 1965 చట్టం.

పాత ఆసుపత్రి భవనం 2022 నుంచి మ్యూజియంలో భాగమైంది. రోగులను సైతం జాతిని బట్టి వేరు చేసిన కట్టడమది. దాన్ని ముందు చూసి, పడక గదులకు తర్వాత వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. స్త్రీల గొంతు వినిపించకపోవడం మనసుకు లోటుగా తోస్తుంది. వారిని ఉంచిన పరిపాలనా భవనం 1940 అగ్నిప్రమాదంలో కాలిపోవడంతో వారు రాసుకున్నవీ దానితోనే పోయాయి. ఆ లోటు ఎవరూ పూడ్చలేనిది.

దీవికి ఫెర్రీలోనే వెళ్లాలి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచీ, టిబురాన్ నుంచీ పడవలున్నాయి. రేవులో దిగాక మైలుకు పైగా ఎత్తుపల్లాల దారిలో నడక ఉంటుంది కనుక, మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీసుకెళ్లేవారు దీవిలో వాహన సదుపాయం గురించి ముందే విచారించుకోవాలి. మ్యూజియం అన్ని రోజులూ తెరిచి ఉండదు. గైడ్ వెంట తిరిగే అవకాశముంటే వదులుకోవద్దు, ఎందుకంటే గోడ మీది పద్యాన్ని వేలితో చూపి అర్థం చెప్పేవారు లేకపోతే సగం అక్షరాలు కంటికి ఆనవు.