పిల్లలకి 'యూత్' .22 రైఫిల్ కొంటున్నారా? బట్ కోసి అమ్ముతున్నారు, జాగ్రత్త

డాలస్ ఉత్తరం వైపు ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకి, ముఖ్యంగా పిల్లల్ని 4-హెచ్ అనే పిల్లల క్లబ్బుల్లోనో స్కౌట్స్‌లోనో రైఫిల్ షూటింగ్‌కి పంపుతున్నవాళ్లకి ఈ హెచ్చరిక. పెద్దవాళ్ల పాత రైఫిల్‌కి భుజానికి ఆనే వెనక చెక్కని, అంటే బట్‌ని, రంపంతో కోసి, దానికి 'యూత్ మోడల్' అని చీటీ కట్టి అమ్ముతున్నారు. పదకొండేళ్ల మా అమ్మాయి కోసం మాకు అంటగట్టింది అలాంటిదే. ఆ కొట్టువాళ్లతో మా గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. పేరు తెలియకపోయినా, కింద రాసినవి చూసుకుంటే ఏ కొట్టులోనైనా ఇలాంటి సరుకుని గుర్తుపట్టగలరు.

మేం అడిగింది చాలా స్పష్టంగా అడిగాం. పిల్ల మొదటి రైఫిల్, .22 లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటాది, బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ బోల్ట్ అనే గడియని చేత్తో లాగి తెరిచి మూసేది), ఒక్కో తూటా చేత్తో పెట్టుకునేది కావాలన్నాం. కౌంటర్ దగ్గరున్నాయన వెంటనే వెనక నుంచి ఒకటి తెచ్చి, "సెకండ్ హ్యాండే కానీ కొత్తదానిలా ఉంది, పిల్లల కొలతకే చేశారు" అన్నాడు. బరువుగా ఉందే అంటే "ఎదిగే పిల్ల కదా, ఏడాదిలో సరిపోతుంది" అన్నాడు. రెండు సైజులు పెద్ద గౌను కొనుక్కోమన్నట్టు. గౌను వదులైతే పిల్లకి ఏమీ కాదు. తుపాకీ సరిపోకపోతే దాని మూతి ఎటు తిరుగుతుందో పిల్ల చేతిలో ఉండదు.

ఇంటికొచ్చాక బట్ ప్లేట్ (వెనక చెక్క చివర బిగించే పలక) స్క్రూలు విప్పి చూస్తే లోపల రంపం గీతలు కనిపించాయి. కోసిన అంచు ఒక పక్కకి వాలి ఉంది. పాత ప్లేట్‌నే అరగదీసి మళ్లీ బిగించారు. అంటే కంపెనీ పిల్లల కోసం చేసిన స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) కాదు, ఎవరో గ్యారేజీలో కోసిన చెక్క. దాన్ని పిల్లల కొలత అని చెప్పి అమ్మడం అబద్ధం, మరో మాట లేదు.

కోస్తే తప్పేముంది, పొడవు తగ్గింది కదా అని కొందరు అడిగారు. తప్పు చాలా ఉంది. వెనక చెక్క తీసేస్తే రైఫిల్ బరువంతా ముందుకి పోతుంది. దీనికి ఉన్నది 22 అంగుళాల పొడవున్న లావైన బ్యారెల్. మొత్తం బరువు 7 పౌన్ల దాకా ఉంది, అంటే మూడు కిలోల పైమాటే. మూతి కిందకి లాగుతుంటే పిల్ల నడుము వెనక్కి వంచి, భుజాలు బిగబట్టి ఆపుతోంది. చేత్తో పట్టుకునే చోటు ఇంకా పెద్దవాళ్ల లావే కాబట్టి వేలు ట్రిగ్గర్ మీదకి సూటిగా రాదు, పక్క నుంచి ఎగబాకినట్టు వస్తుంది. స్కోప్ (గురి చూసే దుర్బిణి) ఎత్తుగా బిగించడం వల్ల చెంప చెక్కకి ఆనదు, తల గాల్లో పెట్టుకుని చూస్తోంది. పాపం, తనకే చేతకావడం లేదని అనుకుంది. అదే నాకు అన్నిటికంటే బాధ కలిగించింది.

నిజంగా పిల్లల కోసం చేసినవి ఎలా ఉంటాయో చెబితే తేడా అర్థమవుతుంది. క్రికెట్ (ఆట కాదు, రైఫిల్ పేరే), సావేజ్ రాస్కల్ లాంటి సింగిల్ షాట్, అంటే ఒకసారికి ఒక్క తూటానే పట్టే రైఫిళ్లు మూడు పౌన్లలోపే, అంటే కిలోంపావు అటూ ఇటూ ఉంటాయి. బ్యారెల్ 16 అంగుళాల పైన కొంచెమే. ఫెడరల్ చట్టం ప్రకారం ప్రత్యేక రిజిస్ట్రేషన్ లేకుండా రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాల కంటే తక్కువ ఉండకూడదు కాబట్టి అక్కడ ఆపుతారు. బట్ చివర నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. ఆ రెండింటికీ అది పదకొండున్నర అంగుళాల దగ్గర ఉంటుంది. కాస్త పెద్ద పిల్లలకి సీజడ్ 457 స్కౌట్ ఉంది, దానికి 12 అంగుళాలు. అందరి నోటా వినిపించే రూగర్ 10/22 మామూలు కార్బైన్ (పొట్టి రైఫిల్) మోడల్‌కి పదమూడున్నర. 1964 నుంచి వస్తున్న మంచి రైఫిలే, కానీ సెమీ ఆటోమేటిక్. ఒక తూటా పేలగానే రెండోది తనంతట తనే సిద్ధమైపోతుంది. మొదటిసారి పట్టుకునే పిల్లకి అది వద్దనే నా అభిప్రాయం. బోల్ట్ తెరిచి, తూటా పెట్టి, మూసి, గురిచూసి పేల్చేదాకా పట్టే ఆ కాస్త సమయంలోనే పిల్లలకి ఆలోచించడం అలవాటవుతుంది.

కొలత చూడటం సులువు. రైఫిల్ ఖాళీగా ఉందని బోల్ట్ తెరిచి కంటితో, చిటికెన వేలితో చూసుకున్నాక, పిల్ల మోచేతిని ఎల్ ఆకారంలో మడవమనండి. బట్ ప్లేట్‌ని మోచేతి మడతలో ఆనిస్తే చూపుడు వేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీదకి హాయిగా రావాలి. తర్వాత నిలబెట్టి, భుజానికి ఆనించి, సురక్షితమైన వైపు మూతి పెట్టి అర నిమిషం పట్టుకోమనండి. వెనక్కి వాలుతోందంటే ఆ రైఫిల్ వద్దు. పిల్లకి ఏ కన్ను బలమో కూడా ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. కుడిచేతి వాటం ఉన్న పిల్లల్లో కూడా కొందరికి ఎడమ కన్ను బలంగా ఉంటుంది. అలాంటప్పుడు ఎడమ భుజం మీద పెట్టుకునేది కొనాలా అన్నది కోచ్‌తో మాట్లాడి తేల్చుకోవాలి.

ఇక రెండో మోసం, దీనికంటే పెద్దది. పేలిన తూటా ఖాళీ గొట్టం బయటికి రాదు!

రేంజ్‌లో (షూటింగ్ ప్రాక్టీస్ చేసే చోట) పేల్చాక బోల్ట్ లాగితే ఇత్తడి గొట్టం ఛాంబర్‌లోనే, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోనే, పట్టేసుకుంటోంది. పిల్ల రెండు చేతులతో బోల్ట్ పీకుతుంటే బల్ల మీద రైఫిల్ పక్కకి తిరిగి, మూతి పక్క లేన్ వైపు పోయింది. రేంజ్ ఆఫీసర్ ఒక్క అంగలో వచ్చి బ్యారెల్ పట్టుకుని ముందుకి తిప్పాడు. ఆయనకి చేతులెత్తి నమస్కరించాలి. కొన్ని తూటాలు టక్ మని చప్పుడు చేసి పేలడమే లేదు. అలా పేలనప్పుడు వెంటనే బోల్ట్ తెరవకూడదు. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది. మా అమ్మాయికి అది నేర్పారు కాబట్టి ఆగింది.

తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపిస్తే లైటు వేసి ఒక్క చూపులో చెప్పేశాడు. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలో దెబ్బకి అంటుకునే పేలుడు మందు గొట్టం అడుగున ఉండే అంచు లోపల ఉంటుంది. బోల్ట్‌లో ఉండే ఫైరింగ్ పిన్ అనే సూది ఆ అంచుని కొట్టి నలిపితేనే పేలుతుంది. ఛాంబర్ ఖాళీగా ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కుతూ పోతే, చాలా పాత మోడళ్లలో ఆ పిన్ నేరుగా ఛాంబర్ అంచు ఉక్కుని కొడుతుంది. అక్కడ గుంట పడి, నలిగిన లోహం ఛాంబర్ లోపలికి ముల్లులా పొడుచుకొస్తుంది. పేలాక ఉబ్బిన గొట్టం ఆ ముల్లుకి పట్టేసుకుంటుంది. గుంట ఉన్న చోట తూటా అంచుకి ఆనుకోవడానికి గట్టి ఆధారం లేక పిన్ దెబ్బ మెత్తగా పడుతుంది. అందుకే పేలకపోవడం. మాదాంట్లో గుంట గోటికి తగిలేంత లోతుగా ఉంది. అమ్మే ముందు ఒక్కసారి బోల్ట్ తీసి చూసినా కొట్టువాళ్లకి కనిపించేది. చూసీ అమ్మారో, చూడకుండా అమ్మారో, పిల్లల తుపాకీ విషయంలో రెండూ క్షమించరానివే.

మీరు కొనేటప్పుడు బోల్ట్ తీయించి, టార్చ్ వేసి, ఛాంబర్ అంచు పన్నెండు గంటల దగ్గరో, పిన్ తగిలే ఇంకో చోటో గుంట ఉందేమో చూడండి. అక్కడే రైఫిల్‌కి సరిపోయే ఉత్తుత్తి తూటా ఛాంబర్‌లో పెట్టి, తీసి చూపించమనండి. వద్దంటే అక్కడి నుంచి వచ్చేయండి. కొత్త రైఫిళ్లలో రూగర్ 10/22 లాంటి కొన్నిటిని ఖాళీగా నొక్కినా ఏమీ కాదు. మిగతావాటికి మాన్యువల్ చూడాలి, మాన్యువల్ లేకపోతే ఖాళీగా నొక్కకూడదు. ఇక్కడి పాత షూటర్లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పసుపుపచ్చ ప్లాస్టిక్ వాల్ యాంకర్లని ఛాంబర్‌లో పెట్టి ప్రాక్టీస్ చేయిస్తారు. చవకైన, పనికొచ్చే ఉపాయం.

బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు కూడా చదవండి. చీటీ మీద ఏం రాసుందో నమ్మొద్దు. .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) వేరు, .22 డబ్ల్యుఎంఆర్ అనే మాగ్నమ్ వేరు. మాగ్నమ్ ఛాంబర్ వెడల్పు. అందులో ఎల్ఆర్ తూటా వదులుగా దూరుతుంది, పేలినప్పుడు గొట్టం చీలి వేడి గ్యాస్ వెనక్కి ముఖం మీదకి రావచ్చు. .22 చిన్నది కదా అనే ధోరణి కూడా వద్దు. దాని గుండు మైలు దూరం పైన పోగలదు. కళ్లద్దాలు, చెవులకి రక్షణ తప్పనిసరి. రేంజ్ నుంచి రాగానే పిల్లలు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి, సీసం పొడి అంటుకుని ఉంటుంది.

కొట్టుకి తిరిగి తీసుకెళ్తే, వాడిన తుపాకులు వెనక్కి తీసుకోం అని రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించారు. మేనేజర్‌తో మాట్లాడితే సగం ధరకి ఎక్స్‌చేంజ్ అన్నాడు. మా ఆయన ఒప్పుకుందామన్నారు, నేను వద్దన్నాను. మనం ఇచ్చేస్తే రేపు అదే చీటీతో ఇంకో పిల్ల చేతికి వెళ్తుంది. గన్‌స్మిత్ ఛాంబర్ ఐరన్ అనే పనిముట్టుతో ఆ ముల్లుని వెనక్కి నొక్కి సరిచేయొచ్చన్నాడు, కానీ కోసిన చెక్కకి మందు లేదు. ఆయన చేత లోపాలన్నీ రాయించుకుని, ఫొటోలు జతచేసి, కొట్టు యజమానికి రిజిస్టర్డ్ పోస్ట్ పంపాం. ఈ గొడవంతటికీ పెట్టిన డబ్బుతో ఒక కొత్త రాస్కల్ వచ్చేది.

మన వాళ్లకి ప్రత్యేకంగా ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఆ కొట్టులో ఎవరూ మమ్మల్ని దీని గురించి సరిగా అడగలేదు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగాకే అడుగు వేయండి, ఇమిగ్రేషన్‌తో ముడిపడిన విషయం. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. తుపాకీ కొనేటప్పుడు డీలర్ దగ్గర నింపే ఫారమ్ 4473 మీద నిజాలే రాయాలి. కన్నబిడ్డకి బహుమతిగా తల్లిదండ్రులు కొనడం చట్టబద్ధమే. కానీ చట్టప్రకారం తుపాకీ కొనే వీల్లేని స్నేహితుడి డబ్బుతో అతని కోసం మీ పేరున కొంటే అది స్ట్రా పర్చేజ్, 15 ఏళ్ల దాకా జైలు. "అన్నా, నీకు గ్రీన్‌కార్డ్ ఉంది కదా, మా వాడికి నువ్వు కొనిపెట్టు" అని ఎంత దగ్గరివాళ్లు అడిగినా కుదరదని చెప్పేయండి.

ఇల్లు చేరాక తూటాలు ఒక తాళంలో, రైఫిల్ ఇంకో తాళంలో ఉండాలి, తాళంచెవులు పెద్దవాళ్ల దగ్గరే. 17 ఏళ్లలోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం.

మా అమ్మాయి ఇప్పుడు క్లబ్ వాళ్ల సింగిల్ షాట్‌తో నేర్చుకుంటోంది, భుజాలు బిగబట్టడం మానేసింది. చాలా క్లబ్బులు నేర్చుకునే పిల్లలకి రైఫిళ్లు ఇస్తాయి కాబట్టి కొనే ముందు ఒక సీజన్ అలా గడపమని నా సలహా. ఫ్రిస్కో, ప్లానో వైపు ఎవరికైనా ఆకుపచ్చ చీటీతో, నల్ల ప్లేట్ కింద లేత రంగు చెక్క కనిపించే 'యూత్' .22 చూపిస్తే, డబ్బు ఇచ్చే ముందు ఆ ప్లేట్ స్క్రూలు విప్పించండి.