నల్లమలలో కారు ఆగితే: మన్ననూరు నుంచి నంద్యాల దాకా ఎక్కడ ఏం దొరుకుతుంది

హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయల్దేరి శ్రీశైలం, అక్కణ్ణుంచి దోర్నాల మీదుగా మహానంది, అహోబిలం చూసుకుని తిరుపతి చేరడం చాలా కుటుంబాలు వేసుకునే కారు ప్రయాణం. దారి అందమైనదే, గుళ్లన్నీ గొప్పవే. కానీ ఈ దారిలో కారు మొరాయిస్తే, ఏ పార్టు పోయిందన్న దానికంటే ఎక్కడ ఆగిందన్నదే మిగతా యాత్ర ఉంటుందా పోతుందా తేలుస్తుంది. క్లచ్ ప్లేటు ఆమనగల్లులో పోతే సాయంత్రానికి బండి హైదరాబాద్ వర్క్‌షాపులో ఉంటుంది. అదే ప్లేటు అడవిలోని ఫర్హాబాద్ గేటు దాటాక పోతే ఆ రోజు సాగేది ఏమీ ఉండదు.

కారణం అడవి. మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. అవతల దోర్నాల వైపు కూడా ఇదే పద్ధతి. టో బండి అయినా, బంధువుల కారైనా ఆ వేళల్లో లోపలికి రావడం కుదరదు. అందుకే సాయంత్రం 6 తర్వాత మన్ననూరు గేటు దాటే ప్లాను ఎవరూ పెట్టుకోవద్దు. గేటు తెరిచే ఉండొచ్చు, కానీ దారిలో ఏదైనా అయితే సాయం రావడానికి మూడు గంటలే మిగులుతాయి.

మన్ననూరుకు ముందు దారంతా నిశ్చింత. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి చుట్టుపక్కల పంక్చరు షాపులు, బ్యాటరీ షాపులు, మామూలు మెకానిక్కులు దొరుకుతారు. డిండి జలాశయం దగ్గర ఆగి టీ తాగేటప్పుడే బానెట్ ఎత్తి ఒకసారి చూడండి: కూలెంట్ ట్యాంకులో మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉందా, రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందా, స్టెప్నీలో గాలి ఉందా. ఐదుగురు, డిక్కీ నిండా సామాను ఉంటే టైర్లకు మామూలు రోజుల గాలి చాలదు. డ్రైవరు డోరు ఫ్రేము మీద అంటించిన స్టిక్కర్‌లో పూర్తి లోడుకు వేరే అంకె రాసి ఉంటుంది, దాని ప్రకారం కొట్టించండి. మన్ననూరులో పంక్చరు వేయించుకోవచ్చు. అంతకు మించి ఏం కావాలన్నా వెనక్కి రావాల్సిందే.

ఇక అడవి లోపల. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట తప్ప ఊళ్లు లేవనే చెప్పాలి. ఫోన్ సిగ్నల్ ముక్కలు ముక్కలుగా వస్తుంది. బండి ఆగితే ముందు నాలుగు ఇండికేటర్లు వేసి, ఎర్ర త్రికోణాన్ని వెనక కనీసం 50 మీటర్ల దూరంలో, మలుపు ఉంటే మలుపుకు అవతలే పెట్టండి. దగ్గర్లోని కిలోమీటరు రాయి మీది అంకె రాసుకోండి. సిగ్నల్ లేకపోతే వచ్చే ఆర్టీసీ బస్సును ఆపి, డ్రైవరుకు ఆ అంకె, మీ ఫోన్ నంబరు, కారు నంబరు రాసిన కాగితం ఇచ్చి చెక్‌పోస్టులో అందజేయమనండి. ఈ దారిలో ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. పెద్దవాళ్లనీ పిల్లల్నీ అదే బస్సు ఎక్కించి శ్రీశైలం పంపేయడం ఇంకా మంచిది. బండి దగ్గర ఇద్దరు చాలు. అన్నం పొట్లాలు బయట విప్పకండి, కోతులు నిమిషంలో గుంపు కడతాయి. పొదల్లోకి వెళ్లకండి, ప్లాస్టిక్ పారేయకండి. అది వాటి ఇల్లు, మనం దారిన పోయేవాళ్లం.

ఈ మార్గంలో కార్లు దెబ్బతినే చోటు ఏదంటే ఈగలపెంట నుంచి డ్యాం కింది వంతెనకు దిగే ఘాటు రోడ్డు, మళ్లీ అక్కణ్ణుంచి సుండిపెంటకు ఎక్కే ఘాటు. దిగేటప్పుడు బ్రేకులు, ఎక్కేటప్పుడు ఇంజిను, క్లచ్ దెబ్బతింటాయి. వరద రోజుల్లో డ్యాం గేట్లు ఎత్తితే జనం ఎక్కడికక్కడ బండ్లు ఆపి చూస్తారు, వాహనాలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోతాయి. ఎక్కుడు మీద ఆ వరసలో ఇరుక్కోవడమే అసలు ప్రమాదం.

ఎందుకంటే బండి కదలనప్పుడు రేడియేటర్‌కు ఎదురుగాలి ఉండదు, భారమంతా ఫ్యాను మీదే పడుతుంది. ఫ్యాను ఫ్యూజు పోయినా, దానికి కరెంటు ఇచ్చే రిలే స్విచ్చు చచ్చినా ఊళ్లో తెలియదు, ఇక్కడ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఉష్ణోగ్రత ముల్లు మామూలు చోటు దాటి పైకి కదలగానే ఏసీ కట్టేసి, హీటరును పూర్తి వేడి మీద పెట్టి బ్లోయరు గరిష్ఠానికి తిప్పండి. లోపల ఉడికిపోతారు, కానీ ఇంజిను వేడి కొంత ఆ దారిన బయటికి పోతుంది. ముల్లు ఎరుపులోకి వెళ్లినా, బానెట్ కింద ఆవిరి కనిపించినా ఇక ఒక్క మలుపు కూడా పోనివ్వకండి. పక్కకు ఆపి ఇంజిను కట్టేయండి.

తర్వాత కనీసం 40 నిమిషాలు ఆగాలి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. మూత బిగించి ఉన్నంతసేపు లోపలి పీడనం వల్ల నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఆ పీడనం పోయి అంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారాక తడి గుడ్డ వేసి కొద్దిగా తిప్పి ఆవిరి పోనిచ్చి, అప్పుడు పూర్తిగా తీయండి. కూలెంట్ ఉంటే అది, లేకపోతే తాగే నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. వేడి ఇంజినులో చల్లటి నీళ్లు గుమ్మరిస్తే సిలిండర్ హెడ్ పగిలే ప్రమాదం ఉంది. మూడు లీటర్ల నీళ్లు, ఒక లీటరు కూలెంట్ డిక్కీలో ఉంటే ఈ ఘాటు వరకు సరిపోతాయి. రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) చీలితే దానికదే అతుక్కునే సిలికాన్ టేపును తుడిచి ఆరిన హోస్ మీద సాగదీస్తూ నాలుగైదు చుట్లు చుట్టండి, సుండిపెంట దాకా నెమ్మదిగా చేరుస్తుంది.

స్టార్ట్ చేసేముందు ఆయిల్ మూత తీసి చూడండి. లోపల పాలకాఫీ రంగు నురగ ఉన్నా, స్టార్ట్ చేశాక కూలెంట్ ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తున్నా హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్ హెడ్ కింద ఉండే సీలు, పోయి ఉండొచ్చు. ఇక ఆ బండిని నడపకూడదు, ఎత్తి తీసుకెళ్లాలి. మామూలు ఇన్సూరెన్సు యాంత్రిక వైఫల్యానికి డబ్బివ్వదు. ఇంకో ఐదు కిలోమీటర్లు లాగుదామన్న ఆశకు ఇంజిను ఖర్చంతా మీ జేబులోంచే పోతుంది.

క్లచ్ సంగతి వేరు. ఎక్కుడు మీద బండి వెనక్కి జారకుండా సగం క్లచ్ మీద నిలబెట్టడం వల్లే ప్లేటు మాడుతుంది. నిలబెట్టాల్సింది హ్యాండ్‌బ్రేక్‌తో. మాడు వాసన వచ్చి, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిను అరుస్తున్నా వేగం పెరగకపోతే అరగంట ఆపండి. అప్పటికీ అలాగే ఉంటే ప్లేటు పోయినట్టే. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి మార్చాలి, గేర్‌బాక్సు దించాలి, చేయి తిరిగిన మెకానిక్కుకు కూడా ఒక రోజు పని. మీ మోడలు సెట్టు సుండిపెంటలో దొరుకుతుందని ఆశపడొద్దు.

దిగుడులో రెండో గేరు చాలు. పెడల్ మెత్తబడితే బ్రేకు ఆయిల్ మరుగుతోందని అర్థం. ఆపి అరగంట చల్లార్చండి, డిస్కుల మీద నీళ్లు పోయకండి, వంకర పోతాయి.

సుండిపెంట డ్యాం కట్టినప్పటి ప్రాజెక్టు కాలనీ. మెకానిక్కులు, పంక్చరు, చిన్నచిన్న పార్టులు ఇక్కడే. కొండ మీద శ్రీశైలంలో కంటే ఇక్కడ పని తొందరగా అవుతుంది. ఉండటానికి మాత్రం శ్రీశైలమే మేలు. దేవస్థానం వారి గంగా సదన్, గౌరీ సదన్ వంటి వసతి గదులు శుభ్రంగా, గుడికి దగ్గరగా ఉంటాయి. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే మంచిది. అవి నిండితే సామాజిక వర్గాల సత్రాలు చాలా ఉన్నాయి, భోజనం సౌకర్యం కూడా కొన్నింటిలో బాగుంటుంది. మహాశివరాత్రి, ఉగాది, కార్తీక సోమవారాల్లో మాత్రం ఏ గదీ మిగలదు. ఆ రోజుల్లో బండి చెడితే కుటుంబాన్ని చీకటిపడేలోపు బస్సులో దోర్నాల దాటించి మార్కాపురం పంపడమే సుఖం. అక్కడ లాడ్జీలు ఉన్నాయి, గుంటూరు–నంద్యాల మార్గంలో రైల్వే స్టేషనూ ఉంది.

పెద్ద రిపేరు అయితే శ్రీశైలంలో పార్టు కోసం ఎదురుచూడటం కంటే ఎత్తి తీసుకెళ్లడమే చవక. తిరుపతి వైపు యాత్ర కొనసాగించాలంటే బండిని నంద్యాల చేర్చండి, యాత్ర ఇక చాలనుకుంటే హైదరాబాద్ పంపండి. నంద్యాలలో బండి పనికి ఇచ్చి, అద్దె కారులో మహానంది చూసి రావచ్చు, అది 20 కిలోమీటర్లలోపే. అహోబిలం ఆళ్లగడ్డ మీదుగా. ఎగువ అహోబిలం వరకే పెట్టుకుని నవ నారసింహ క్షేత్రాల నడక ఈసారికి వదిలేయడం పెద్దవాళ్లకు న్యాయం. నంద్యాల–కడప దారి నాలుగు వరసల జాతీయ రహదారి, 1033కు ఫోన్ చేస్తే టోల్‌ప్లాజా నుంచి క్రేన్ వస్తుంది. అయితే అది బండిని రోడ్డు మీంచి దగ్గర్లోని సురక్షిత స్థలానికి తీస్తుంది. మీరు కోరిన వర్క్‌షాపు దాకా తీసుకెళ్లే బాధ్యత మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ది. ఆ పాలసీలో ఎన్ని కిలోమీటర్లు ఉచితమో ఇంట్లోనే చదువుకోండి. శ్రీశైలం నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైనే, మిగిలిన దూరానికి కిలోమీటరు లెక్కన మీరే కట్టాలి. బండి ఎక్కించకముందే ఆ రేటు, ఖాళీగా వెనక్కి వెళ్లే కిలోమీటర్లు లెక్కలో ఉన్నాయా లేదా అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి.

ఆటోమేటిక్, ఫోర్ వీల్ డ్రైవ్, ఎలక్ట్రిక్ కార్లయితే నాలుగు చక్రాలూ నేల వదిలే ఫ్లాట్‌బెడ్ మాత్రమే అడగండి. చక్రాలు తిరుగుతూ ఈడిస్తే గేర్‌బాక్సో మోటారో పోతుంది. ఏ కారునైనా ఘాటులో తాడు కట్టి లాగించొద్దు. ఇంజిను ఆగి ఉంటే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. బండి అప్పగించేటప్పుడు ఓడోమీటరు, నాలుగు వైపులా బాడీ, డిక్కీ లోపల ఫొటోలు తీయండి. బంగారం, మందులు, బండి కాగితాలు మీ సంచిలోకి తీసుకోండి. అద్దం మీది ఫాస్టాగ్‌ను అల్యూమినియం ఫాయిల్‌తో కప్పండి, ఫ్లాట్‌బెడ్ మీద ఉన్నా టోల్ రీడర్ దాన్ని చదివే అవకాశం ఉంది.